రాగి డబ్బా

పుదుపేటలో నాలుగో కొట్టు.
కోదండం కౌంటరు మీద మూడు డబ్బాలు పెట్టాడు,
రాగి రంగుది, వెండి రంగుది, బూడిద రంగుది.
"దేనికి?"
జేబులోంచి విరిగిన స్టడ్ తీసి చూపించా.

కాశిమేడు చేపల వ్యాన్‌ది.
ఐసు నీళ్ళు, ఉప్పుగాలి, ఏడేళ్ళు.
ఎవడో పొడిగానే బిగించి పోయాడు,
బలమంతా చూపించి.
నిన్న రెండు గంటలు కాల్చా, కొట్టా, బతిమాలా.
టక్‌మని
సగం నా చేతిలో, సగం దాని కడుపులో.

"సైలెన్సరు పక్కనా? అయితే రాగిదే.
నికెల్ ఇంకా వేడి తట్టుకుంటుంది, నీ ఓనరు తట్టుకోడు.
బ్రేకు ప్యాడ్ ముఖానికి మాత్రం తగిలిందో,
మళ్ళీ నా కొట్టుకి రాకు."

చిన్న డబ్బా తీసుకున్నా.

పెంచలయ్య మేస్త్రీ పాత టూత్‌బ్రష్‌తో రాసేవాడు,
దోసె పెనం మీద ఉల్లిపాయతో నూనె రుద్దినంత.
"ఎక్కువైతే స్పానరు అబద్ధం చెబుతుందిరా.
చెయ్యి కాస్త ముందే ఆపు."

ఆపాను.

ఓనరు బిల్లంతా వెతికి
"పూసిందానికి డబ్బులెందుకు, కనపడదుగా" అన్నాడు.
నిజమే.

ఎప్పుడో, ఎన్నూరులోనో ఎక్కడో
ఇంకొకడు దీన్ని విప్పుతాడు.
స్పానరు వేయగానే కిర్రుమనకుండా కదులుతుంది.
వాడేమీ అనుకోడు,
టీ చల్లారకముందే పని ముగించి లేస్తాడు.

నా గోళ్ళ సందుల్లో రాగి
సబ్బుకి పోలేదు.
రాత్రి పెరుగన్నం ముద్ద మీద
సన్నగా ఒక గీత.