మచ్చ పడిన అత్తాలు

రావులపాలెం యార్డులో పదింటికల్లా పాట అయిపోతుంది.
గెలలు దింపేసిన సైకిళ్ళు
తేలికపడి, కాలవగట్టు మీద గంతులేసుకుంటూ పోతాయి.
నేను పట్టీలు రాసే బల్ల కింద
ఎవరూ అడగని అత్తాలు నాలుగు.

కర్పూరాలు. రెండు రోజులు లారీ రాలేదు.
తొక్క మీద చుక్క, చుక్క పక్కన చుక్క,
అన్నీ కలిసి ఆషాఢం మబ్బయిపోయింది.
"పారేద్దురూ, ఈగలు ముసురుతున్నాయి" అంటాడు పోలిశెట్టి
ఈనెల చీపురు నా కాళ్ళ దాకా తెచ్చి.

ఇరవై రెండేళ్ళు రాశాను ధరలు.
గెల పచ్చిగా ఉన్నప్పుడే దానికి ధర.
తీపంతా ఆ తరవాతే వస్తుంది.
పట్టీలో దానికి గడి లేదు.

సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను.

అలమరలో ఓట్స్ డబ్బా మూడు నెలలుగా నన్నే చూస్తోంది.
కొలెస్ట్రాల్ అని ఆసుపత్రిలో సిస్టరు చెప్పింది.
ఒక్కసారి ఉడికించాను.
సినిమా పోస్టర్లు అంటించుకోవచ్చు దాంతో.

జీడిపప్పుంది. మోరిలో మా పిన్ని కూతురు భాగ్యవేణి
షెడ్డులో పప్పు వలుస్తుంది.
గుండు పప్పు డబ్బాలకెక్కి దేశాలు తిరుగుతుంది.
విరిగిన తుక్కు చీరకొంగున కట్టుకుని
మా ఇంటికొస్తుంది.
జీడి రసానికి నల్లబడ్డ వేళ్ళు
కాఫీ గ్లాసు చుట్టూ దాచుకుంటూ కూర్చుంటుంది.

తొక్క తీయడం కూడా కాదు, అడిగితే ఊడొచ్చింది.
గరిటె పక్కన పెట్టి చెయ్యి పెట్టాను.
పండు వేళ్ళ సందుల్లోంచి జారి
తనంతట తనే ముద్దయింది.
ఓట్స్ పోస్తే నెమ్మదిగా తాగింది, ఎండిన చేను తడి తాగినట్టు.
తుక్కు పప్పు, గుప్పెడు వేరుశనగలు,
రెండు యాలక్కాయలు, చిటికెడు ఉప్పు.
బెల్లం అచ్చు చేతిలోకి తీసుకుని
మళ్ళీ డబ్బాలో పెట్టేశాను.
ముద్ద నాకి చూస్తే దాని అవసరమే లేదు.

రేకు పళ్ళెంలో, సెగ చూపిన అరిటాకు పరిచి సర్దాను.
ఇక నిప్పు.

జిలానీ భాయ్ బట్టీలో సాయంత్రం ఆఖరి రస్కులు తీశాక
లోపల ఇంకా ఒక గంట వేడి ఉంటుంది,
ఎవరికీ పనికిరాకుండా.
"ఎంతిమ్మంటావు భాయ్?"
"మిగిలిన సెగకి డబ్బులేంటమ్మా" అని
పొడుగు పార మీద పళ్ళెం లోపలికి తోశాడు.

అరగంటకి వీధి వీధంతా వాసన.
ఆకు అంచులు మాడిన వాసన, దాని వెనకే పండుది.
ట్యూషన్ నుంచి పోతున్న పిల్లలు సైకిళ్ళాపి
ఎందుకాపారో తెలియక నిలబడ్డారు.

తొందరపడ్డాను. వేడిమీదే కోశాను.
పొడి. మొత్తం పొడి.
పిల్లలు దోసిళ్ళు పట్టి తినేశారు గానీ
నా మొహం చూసి భాయ్ నవ్వాడు:
"సగమే మా బట్టీ వండుద్దమ్మా. తతిమ్మాది గాలి వండాల."

మర్నాటి పళ్ళేన్ని రాత్రంతా కిటికీలో పెట్టి
దాని వంక చూడకుండా పడుకున్నాను.
చూడకుండా పడుకోవడం కష్టమే.
మధ్యలో రెండుసార్లు మంచినీళ్ళకి లేచాను.

తెల్లారుజామున నాలుగింటికి
పట్టీ పుస్తకంలో గీతలు గీసే స్టీలు స్కేలు కడిగి
దాంతోనే కోశాను.
పట్టీ ముక్కంత వెడల్పు, బొటనవేలంత మందం.
ఒక్కటీ విరగలేదు.

లోడెత్తే కుర్రాళ్ళకి ఇచ్చాను.
నాగసూరి భుజాన గెల, నోట్లో ముక్క,
మాట్లాడలేక కళ్ళతోనే ఇంకోటి అడిగాడు.
గెల లారీలోకి విసిరి వచ్చాక నోరు తిరిగింది:
"ఏ ఊరి సరుకండీ ఇది?"
"మన బల్ల కిందిదే" అన్నాను.
నమ్మలేదు.

పోలిశెట్టికి కూడా ఒకటి పెట్టాను.
చీపురు చంకలో పెట్టుకుని, అటు తిరిగి తిన్నాడు.
బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు.

ఇవాళ పాట అయిపోయింది.
లెక్క కూడి, కలం మూత పెట్టి వంగి చూస్తే
బల్ల కింద ఊడ్చిన నేల మీద
ఆరు అత్తాలున్నాయి.

నేను పెట్టినవి నాలుగే.