ఎడమ పక్కన మిగిలినవాళ్ళు

బంగారుపాళ్యం కాటా దగ్గరుండే కంప్యూటర్‌కి
మామిడికాయలు మాత్రమే తెలుసు.
చిత్తూరు ఆఫీసులో ఉండేదానికి
రూపాయలు మాత్రమే తెలుసు.
మధ్యలో ఒక రోడ్డు,
నేను,
ఒక ఓడీబీసీ డ్రైవరు.

డ్రైవరంటే మా అమ్మ ఇప్పటికీ
ట్రాక్టరు తోలేవాడనుకుంటుంది.
తప్పేం లేదు. ఇదీ అటు సరుకు ఇటు తోలేదే.
గేటు దగ్గర పేరు చెప్పాలి, పాస్‌వర్డ్ చెప్పాలి,
పోర్టు మూసుంటే ఎండలో నిలబడాలి.

కాటాది మైఎస్‌క్యూఎల్, వేలూరు కుర్రాడు రాసిచ్చాడు.
ఆఫీసుది ఒరాకిల్. పెద్దింటి మనిషి,
పిలిచే పద్ధతిలో పిలిస్తేనే పలుకుతుంది.
జూన్ ఐదున దిగిన లోడు
మే ఆరున దిగినట్టు చూపించింది నాకు.
మే ఆరుకి తోతాపురి ఇంకా చెట్టుమీదే ఉంటుంది.
ఆ సంగతి ఏ టేబుల్లోనూ రాసిలేదు,
మా నాన్న తోటలో పెరిగాను గనక పట్టుకున్నాను.

రెండింటినీ ఒక్క ప్రశ్నలో కూర్చోబెట్టడానికి
మూడు రోజులు పట్టింది.
మొదట పేర్లతో కలిపి చూశాను.
ఇక్కడ టి. చెంగల్రాయులు, తవణంపల్లె.
అక్కడ సెంగల్రాయన్ టి, తవనంపల్లి.
చ-ని స-గా వినే చెవి వేలూరుది,
ణ-ని న-గా కొట్టే వేలు ఎవరిదో.
సమాన గుర్తు అవునంటుంది, లేదా కాదంటుంది,
"ఆఁ, మన చెంగల్రాయుడే కదా" అనదు.

పేర్లు వదిలేసి ఫోన్ నంబర్లు పట్టుకున్నాను.
ఒకే నంబరు మీద పదకొండు మంది!
ఏందబ్బా అని డయల్ చేస్తే
టీ అంగడి సెల్వి ఎత్తింది:
"ఫోన్ లేనోళ్ళంతా నాదే రాపిస్తారు మేడం,
దుడ్లు పడితే కేకేసి చెప్తా."

ఖాళీ గడుల దగ్గర ఇంకో చిక్కు.
కాటా కంప్యూటర్లో ఖాళీ అంటే ఖాళీ:
అడిగారు, ఆయన చెప్పలేదు.
ఒరాకిల్‌కి ఆ తేడా పట్టదు,
ఖాళీగా ఇచ్చినా తెలియదనే రాసుకుంటుంది.
ఒక తెలియనిది ఇంకో తెలియనిదానితో సమానమా అంటే
అదీ తెలియదంటుంది.
ఆ మాట మీద ఒక మధ్యాహ్నం పోయింది నాకు.

ఆఖరికి తూకం చీటీ నంబరు దొరికింది,
ఒక పక్క ముందున్న సున్నాలు రాలిపోయి.
సున్నాలు మళ్ళీ అతికించాను.

పట్టాభి సారు వెనక నిలబడి అన్నాడు:
"రెండుపక్కలా ఉండేవాళ్ళనే తీయమ్మా,
రిపోర్టు నీట్‌గా ఉంటుంది, సోమవారం మీటింగు."
ఇన్నర్ జాయిన్. పన్నెండు వందల ఆరు వరసలు.
నీట్‌గానే ఉంది, ఇస్త్రీ చొక్కాలా.

ఆయన కాఫీకి పోయాక
ఒక్క మాట మార్చాను: లెఫ్ట్.
ఎడమ పక్కనున్న ప్రతివాళ్ళూ రావాలి,
కుడి పక్క తోడు దొరికినా దొరక్కపోయినా.

యాభై మూడు వరసలు ఎక్కువొచ్చాయి.
కాయ దించారు, తూకం అయింది, తరుగు పోయింది,
కుడివైపు కిందిదాకా
నల్, నల్, నల్.
సెల్వికి ఫోన్లో చదివితే
"నల్ల అంటే మంచిదే కదా మేడం" అంది,
అరవంలో అంతే మరి.

చెంగల్రాయుల్ని కేకేసింది.
కాసేపు టీ గ్లాసులు కడిగే చప్పుడు.
"నాలుగు టన్నుల ఆరొందల ఎనబై కిలోలు,"
నేను అడక్కముందే చెప్పినాడు.
"జూన్ ఐదు, మజ్జానం, తుంపర పడతా ఉణ్ణింది.
చీటీ ఉండాదమ్మా. జోబీలోనే ఉండాది."

తెరమీద వరస చూశాను.
కిలో తేడా లేదు.

మెట్ల మీద పట్టాభి సారు చెప్పుల చప్పుడు.
ప్రింటరు ఇంకా రెండో పేజీ దగ్గరే ఉంది.