చుక్క పెడితేనే ఉత్తరం

గ్రిమ్స్‌బీ రేవులో కోల్డ్ స్టోరేజీకి
రాత్రి కావలి నేను రాసిన ప్రోగ్రాం.
ఇంకా కాదు, శుక్రవారం నుంచి.
అప్పటిదాకా క్లిఫర్డ్ మంబీయే.
టార్చి, పెన్సిలు, చెవులు కప్పే ఉన్ని టోపీ.
గంటకోసారి తొమ్మిది గదులూ తిరిగి
మీటరు చదివి, అట్టకు క్లిప్పు పెట్టిన కాగితం మీద
అంకె వేసుకుంటాడు.

నా పని చిన్నది.
చేపల గది మైనస్ పద్దెనిమిది దాటి వెచ్చబడితే,
వెచ్చబడటం అంటే ఇక్కడ మైనస్ పదిహేను,
ఎవరో ఒకరికి మెయిలు పోవాలి.
పదకొండు లైన్లు. మిగతా రాయబారమంతా లైబ్రరీదే.

అది ఏం మాట్లాడుతుందో వినాలనిపించి
తెర వెనక మాటని తెర మీదికి తెచ్చాను.
అవతల సర్వరు: రెండువందల ఇరవై, సిద్ధం.
ఇవతల మాది: హలో, నేను ఫలానా.
ఎవరి దగ్గర్నుంచి? చెప్పింది. సరే.
ఎవరికి? చెప్పింది. సరే.
ఒక్కో సరేకీ రెండువందల యాభై.
తర్వాత సర్వరన్న మాటకి
టీ కప్పు కింద పెట్టేశాను:
"ఇక చెప్పు. చెప్పడం అయ్యాక
ఒక లైన్లో ఒంటరిగా చుక్క పెట్టు."

ఆ చుక్క పడకపోతే అది ఉత్తరమే కాదు.
అవతలిది వింటూనే ఉంటుంది,
గడువు తీరి లైను తెగేదాకా.

మరి మాటే చుక్కతో మొదలైతే?
ఏడో గదిలో ముసలి మీటరు
అర డిగ్రీని ముందు సున్న లేకుండా
.5 అని ఉమ్ముతుంది.
లైబ్రరీకి ఈ సంగతి తెలుసు.
లైను మొదట్లో చుక్క కనబడితే
పక్కనే ఇంకో చుక్క పెట్టి సాగనంపుతుంది.
అవతలివాళ్ళు దాన్ని తుడిచేసి చదువుకుంటారు.
దిష్టిచుక్క!
ఆ మాట చెప్పడానికి చుట్టుపక్కల ఎవరూ లేక
ఒక్కదాన్నే నవ్వుకున్నాను
రాత్రి రెండింటికి,
హంబర్ గాలి కిటికీ అంచు కొరుకుతుంటే.

మంబీ వచ్చి నా భుజం మీదుగా చూశాడు.
"ఇది అరుస్తుందా?"
అరవదు, రాస్తుంది.
"పడుకున్నవాడికి రాస్తే?"
నా పదకొండు లైన్లలో దానికి జవాబు లేదు.
కాసేపు చేతులు రుద్దుకుని
తన అడ్రసు కూడా చేర్చమన్నాడు,
అక్షరం అక్షరం పలికి, ఎం దగ్గర ఆగి మళ్ళీ పలికి.
చేర్చాను. అడగాల్సినవాళ్ళని అడగలేదు.

పంపేవారి పేరు దగ్గర "జవాబివ్వవద్దు" అని పెట్టాను.
అందరూ అదే పెడతారు.
క్షేమమని తలుస్తాను లేదు, ఇట్లు లేదు.
గది, అంకె, గంట.

నవంబరులో ఇంకేదో వెతుకుతూ
ఎవరూ తెరవని ఆ పెట్టె తెరిచాను.
నలభై ఒక్క ఉత్తరాలు. అన్నీ మంబీవే.

"మూడో గది. చూశాను. తలుపు రబ్బరు అయ్యుంటుంది,
కాలితో ఒక్క తోపు తోయమను."
"ఏడోది ఊరికే అంటుంది. కంగారుపడకు."
"నిద్ర ఎలాగూ పట్టలేదులే. నువ్వు లేపలేదు."

ఆఖరుది పన్నెండో తారీఖు,
తెల్లవారుజామున నాలుగూ పదికి:
"ఇవాళ ఏమీ రాయలేదేం? బాగానే ఉన్నావా?"
నాలుగు రోజులైంది.

లైబ్రరీని పక్కకి జరిపి
సర్వరుతో నేనే మాట్లాడాను,
హలో దగ్గర్నుంచీ, చేత్తో, రెండు తప్పులతో.
ఇక చెప్పు, అంది.

క్లిఫర్డ్ గారికి,
తొమ్మిది గదులూ క్షేమం.
ఏడోది ఇంకా అబద్ధాలే ఆడుతోంది.
మీరు కూడా క్షేమమని

తలుస్తాను, అని కొట్టి ఆగాను.
ఇంకో వాక్యం ఉండాలి.
సర్వరు వింటోంది. గడువు కరుగుతోంది.
మంచు చూరు నుంచి బొట్టు బొట్టుగా
ఏదో నాకంటే ముందే రాసేస్తోంది.
ఆ వాక్యం దొరకలేదు.
దొరకని చోటే, కింది లైన్లో, ఒంటరిగా

.