చిలక కొట్టని జామపండు

తెల్లవారుజామున నాలుగింటికి
కేప్‌టౌన్ కొండవాలు వీధిలో రెండే దీపాలు:
ఒకటి మసీదుది, ఒకటి నా వంటింటిది.
సహరీకి నాకు ఓట్స్ జావ,
పక్కన మగ్గులో క్రమ్మల్‌కి దాని జావ.
నలభై డిగ్రీలు.
చల్లారితే నోరు తిప్పుకుంటుంది,
మరీ వేడైతే గొంతుసంచి కాలుతుంది.
మోచేతి మడతలో ఒక చుక్క వేసుకుని చూస్తాను,
ఒకప్పుడు ఇగ్‌షాన్ పాలసీసాకి చూసినట్టే.
సిరంజి ఖాళీ అయ్యేసరికి దానికి నిద్ర.
దాని తర్వాతే నా తిండి.

క్రమ్మల్ అంటే మా మాటలో రొట్టె తునక.
తమ్ముడు వూస్టర్ నుంచి చెప్పుల డబ్బాలో తెచ్చినప్పుడు
అంతే ఉంది: బోడి మెడ, బూడిద నూగు, రంపపు గొంతు.
"గుండీలు కుట్టే వేళ్ళు నీవి, మైమూనా,
ఓపిక వాటికే ఉంటుంది" అని వదిలిపోయాడు.
రొట్టె తునక పేరు పెట్టుకున్న పిట్ట
రొట్టె తునక ముట్టదు.

పన్నెండు వారాలు దాటాయి.
ఉడికిన మొక్కజొన్న వేస్తే తొక్కుకుంటూ నడిచింది.
గుమ్మడి ముక్క పెడితే రెక్కకి పూసుకుంది.
జామపండు కోసి ఊచలకి గుచ్చాను.
చిలక కొట్టిందే తీపి అంటారు,
కొట్టనిది సాయంత్రానికి నల్లబడి చీమల పాలైంది.
సిరంజి కనబడితే మాత్రం
తలకాయంతా నోరై ఊగుతుంది.

రోజూ పొద్దున పిండి త్రాసు మీద నిలబెడతాను.
నాలుగొందల పన్నెండు గ్రాములు. నాలుగొందల నాలుగు.
మూడొందల తొంభై ఆరు.
కుట్టుకొలతల పుస్తకంలో
ఎవరో పెళ్ళికూతురు నడుం కొలత కింద రాసుకుంటాను.

మా అమ్మ కలబంద రాసి నాకు పాలు మాన్పించిందట.
మూడు రోజులు ఏడ్చి మరచిపోయాననేది.
మరచిపోయానని ఆమెకెవరు చెప్పారో!

డాక్టర్ ఎన్స్‌లిన్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసి అడిగాడు:
"నువ్వు తింటుంటే చూస్తుందా?"
"చూడ్డమేంటి, రోజంతా నా చెవి పట్టుకునే కూర్చుంటుంది."
"తింటుంటే, అన్నాను.
గుంపు తింటేనే పిల్ల తింటుంది.
ఆకలి పెట్టి నేర్పకు. దాని ఎదురుగా కూర్చుని తిను.
ఎంగిలి మాత్రం పెట్టకు."

నాకు నవ్వొచ్చింది. రంజాన్ పదిహేడో రోజు.
పొద్దుట్నుంచి నా పెదాల మధ్యకి వచ్చినవి
రెండు గుండుసూదులు, ఒక దారప్పోగు.
పొద్దు వాలగానే దాని మీద దుప్పటి కప్పేసి
ఆనక నేను బల్ల దగ్గరికి.
పాపం, ఉన్నదే నేర్చుకుంది:
మా గుంపు తినదు.

ఆ సాయంత్రం దుప్పటి కప్పలేదు.
ఇగ్‌షాన్ పళ్ళేలతో వీధంతా తిరిగొచ్చాడు,
గదీజా ఇంటి గుమ్మడి బూరెలు, కింది ఇంటి సమోసాలు.
అజాన్ వినబడింది.
ఖర్జూరం కొరికాను. భుజం మీద గోళ్ళు బిగిశాయి.
మొక్కజొన్న కండె తీసుకుని
చప్పుడయ్యేలా, గడ్డం తడిసేలా,
ఇంటికి ఎవరైనా వస్తే పరువు పోయేలా తిన్నాను.
"అమ్మా, నెమ్మది" అన్నాడు వాడు.

మోచేతి మీదుగా దిగింది, అడుగు అడుగుకీ ఆగుతూ.
డాక్టర్ మాట గుర్తొచ్చి
కండె కొరకని వైపు తిప్పాను.
అది చుట్టూ నడిచి
నా పళ్ళగాట్ల దగ్గరికే వచ్చింది.
మళ్ళీ తిప్పాను. మళ్ళీ వచ్చింది.
సరే, అల్లా చూస్తున్నాడు, డాక్టర్ చూడట్లేదు.

ఒక్క గింజ. నల్ల నాలుక మీద దొర్లించింది.
పడేసింది. వెతుక్కుని తీసుకుంది.
టిక్ మని తోలు చిట్లిన చప్పుడు.
ఇగ్‌షాన్ చేతిలో సమోసా గాల్లోనే ఆగిపోయింది.

మర్నాటికే మానలేదు.
మధ్యాహ్నం సిరంజి ముందు వద్దంది,
సాయంత్రానిది ఇంకో వారానికి.
నాలుగింటిది మాత్రం
నెలవంక కనబడేదాకా వదల్లేదు.

పండగనాడు ఉపవాసం లేదు, లేవక్కర్లేదు.
లేచాను. నీళ్ళు కాచాను.
మోచేతి మడతలో చుక్క వేసుకున్నాను. నలభై.
క్రమ్మల్ ఒక కన్ను తెరిచి, గింజల గిన్నె వైపు చూసి,
మళ్ళీ మూసుకుంది.
ఆ నీళ్ళతోనే టీ కలుపుకుని
గోరువెచ్చగా, నిలబడే తాగాను.