రెండు మార్కులు

నా పేరు ఆర్విడ్. రంపపు మిల్లులో లెక్కలు రాసి రిటైరయ్యాను.
ఏటా ఫిబ్రవరిలో ఒక శనివారం
సోడర్‌హామ్న్ బడి ఆటల హాల్లో
బాస్కెట్‌బాల్ గీతల మీద బల్లలు పరిచి
బొమ్మ విమానాలు నిలబెడతారు.
నేను తీర్పరిని.
చేతిలో టార్చి, భూతద్దం, రంగుల పటం.

పదిహేడో బల్ల మీద విగ్గెన్.
మా భాషలో ఆ మాటకి పిడుగని అర్థం,
చెరువులో మునకలేసే ఒక చిన్న బాతుకీ అదే పేరు.
నలభై ఎనిమిదో వంతుకి కుదించినా
ఒంటినిండా అవే ముక్కలు,
లేత పచ్చ, ముదురు పచ్చ, మట్టి, నలుపు.
పగిలిన సీసాని ఎవరో పంతం పట్టి అతికించినట్టు
ఎక్కడా వంపు లేదు, అన్నీ కత్తిగాట్లే.

చేసినవాళ్ళకే తెలుస్తుంది ఈ పని.
ముందు లేత రంగు కొట్టి రాత్రంతా ఆరనివ్వాలి.
అది ఎక్కడ మిగలాలో అక్కడల్లా టేపు కప్పాలి.
మళ్ళీ రంగు, మళ్ళీ కప్పడం.
నాలుగో రంగు నాటికి చేతిలో ఉండేది విమానం కాదు,
ఒళ్ళంతా పసుపుపచ్చ కట్లు కట్టించుకున్న రోగి.
ఏ కట్టు కింద ఏ రంగుందో
చేసినవాడికే గుర్తుండదు.
ఇక ఒక ఆదివారం, పట్టకారుతో
ఊపిరి బిగబట్టి ఒక్కొక్కటే లాగుతుంటే
మూడు వారాల కిందటి పచ్చ
నిద్రకళ్ళతో బయటికొస్తుంది.

ఎడమ రెక్క, వెనకంచు,
నువ్వుగింజంత త్రికోణం.
పటంలో ముదురు పచ్చ. ఇక్కడ మట్టి రంగు.
టార్చి ఇంకా దగ్గరికి పెట్టాను.
మట్టి రంగే.
రెండు మార్కులు కోశాను.

కాఫీ వేళ సిక్స్‌టెన్ వచ్చాడు.
ఎనభై ఒకటో ఏడు. వేళ్ళు వణుకుతున్నాయి,
గోళ్ళ సందుల్లో ఇంకా నలుపు.
పోట్లాటకొచ్చాడనుకుని కాగితం గుండెకి హత్తుకున్నాను.
"కనిపెట్టావన్నమాట" అన్నాడు,
మొహం చేటంత చేసుకుని.
"నలభై రెండేళ్ళకి నువ్వే మొదటివాడివి."

అప్పుడతను ఇక్కడి స్థావరంలోనే రంగులు వేసేవాడట.
అసలు విమానానికి. నిచ్చెనెక్కి.
రెక్క అంచు పలక మార్చారు, తెల్లారితే ఎగరాలి.
బయట మైనస్ ఇరవై రెండు,
ముదురు పచ్చ డబ్బా అడుగంటింది,
స్టోరు తాళం ఉన్నవాడు పెళ్ళికెళ్ళాడు.
"మట్టి రంగుంది. పూసేశాను.
పదకొండేళ్ళు అలాగే ఎగిరింది.
రష్యావాడికీ కనబడలేదు, మా సార్జెంటుకీ కనబడలేదు."
కొంచెం ఆగి, "కనబడకూడదనే కదా వేసింది" అని
పొట్ట పట్టుకుని నవ్వాడు.
దాలచిన రొట్టె పొడి స్వెట్టర్ మీద రాలింది.

నా మొహాన నవ్వు రాలేదు.
ఆ రెండూ వెనక్కి వేస్తానన్నాను.
"ఎందుకూ? తప్పు తప్పే.
అప్పుడు ఎవడూ కోయలేదు. ఇప్పుడైనా కోయనీ."

మొదటి బహుమతి యేవ్లె నుంచి వచ్చిన పళ్ళ డాక్టరుకి.
అతని అంచులు నిజంగానే బాగున్నాయి.
సిక్స్‌టెన్ తన పిడుగుని చెప్పుల డబ్బాలో
పాత కండువాలో చుట్టి పెట్టుకుని
మూడింటికే చీకటి పడ్డ మంచులోకి
ఇసుక చల్లిన చోటల్లా అడుగేస్తూ వెళ్ళాడు.
బూడిద రంగు కోటు. వీధి మలుపు దాకా చూశాను,
ఆ తర్వాత అతనెక్కడో గోడెక్కడో తెలియలేదు.

ఇంట్లో అద్దాల బీరువాలో నావి పదకొండున్నాయి.
పటానికి వెంట్రుకవాసి తేడా లేదు.
ఆ రాత్రి పటం తీసి అటూ ఇటూ తిప్పాను.
ఎవరు గీశారో, ఏ విమానాన్ని చూసి గీశారో,
ఆ రోజు వాళ్ళకి ఏ డబ్బా నిండుకుందో
దాని మీద ఎక్కడా లేదు.

ఎడమ రెక్క త్రికోణం పక్కన
పెన్సిలుతో చిన్న ప్రశ్న గుర్తు పెట్టాను.
తీర్పరి పటం కదా, మళ్ళీ చెరిపేశాను.
పోలేదు పూర్తిగా.