జూన్ కిస్తీ

మోంటెవిడియోలో, వంటింటి బల్ల మీద,
అమ్మమ్మ గిట్టా హాల్మోష్ బిస్కెట్ల డబ్బా బోర్లించింది.
పదకొండు రసీదులు, వాటిని కలిపి పట్టుకున్న గుండుసూది.
సూది తుప్పు పట్టింది.
కాగితం చెక్కుచెదరలేదు.
"కంపెనీది కదా," అంది.

మిష్కోల్ట్స్‌లో వాళ్ళ నాన్న ఆర్మిన్
చేతితొడుగులు కుట్టేవాడు.
నెల మొదటి గురువారం ఏజెంటు వచ్చేవాడు,
గొడుగు గుమ్మం బయటే వదిలి,
తొడుగులు విప్పి, పిల్ల తల నిమిరి.
అవి నాన్న కుట్టిన తొడుగులే.
పొగాకు మానుకుని దాచిన నాణేలు
బల్ల మీద దొంతరగా నిలబడేవి.
పిల్లకి ఇరవై ఒకటి నిండితే సొమ్ము పిల్లకి.
నాన్నకి ఏమైనా అయితే, ముందే.

మే నెలలో ఏజెంటు కూర్చోలేదు.
నాన్న కోటు మీది పసుపు నక్షత్రాన్ని తప్పించి
గోడను చూస్తూ
తొడుగులు విప్పకుండానే డబ్బు తీసుకున్నాడు.

జూన్ మొదటి గురువారానికి వాళ్ళు కంచె లోపల.
నాన్న జేబులో కిస్తీ డబ్బు సిద్ధంగా ఉంది.
సాయంత్రం దాకా గేటు వైపే చూశాడట.
తర్వాత ఇటుకల బట్టీ.
తర్వాత రైలు.

ఒక్కతే తిరిగొచ్చింది.
పక్కింటి ఇల్కా పిండిడబ్బాలో దాచిన రసీదులు చేతికిస్తే
తిన్నగా కంపెనీకి వెళ్ళింది.
మరణ ధ్రువపత్రం తెమ్మన్నారు.
ఏ ఊరి మున్సిపాలిటీని అడగాలో చెప్పలేదు.
రెండో ఉత్తరంలో ఒకటే వాక్యం:
జూన్ నుంచి కిస్తీ కట్టనందున పాలసీ రద్దయినది.

ఇన్నేళ్ళకి మూడో ఉత్తరం.
విచారం వెలిబుచ్చుతూ, ఒక అంకె.
ఫ్రిజ్‌కి సరిపోతుంది,
పళ్ళసెట్టుకి చాలదు.
డెబ్బై నాలుగో ఏట
అమ్మమ్మకి ఇరవై ఒకటి నిండాయి.

సంతకం చెయ్యమని పెన్ను ఇచ్చాను.
నా చేతికే తిప్పి ఇచ్చింది. రాయి, అంది.

"అయ్యా,
ఇందులోంచి జూన్ కిస్తీ మినహాయించుకోండి.
మా నాన్న ఎవరికీ బాకీ లేడు."

"అమ్మమ్మా, బాకీ పడింది వాళ్ళు..."

"రాయి.
మినహాయించుకున్నట్టు
రసీదు పంపమని కూడా రాయి."

తుప్పు సూదిని కొంగుతో, కాదు, ఏప్రన్ అంచుతో
తుడుస్తూ కూర్చుంది.
డబ్బా మూత ఇంకా పెట్టలేదు.