రెండు కొండల లెక్క

బుధవారం పదకొండింటికి
పెదజాలారిపేట తుఫాను షెల్టర్లో
కుర్చీలు గుండ్రంగా వేస్తాను.
నా ఫారంలో మొదటి ప్రశ్న: ఇవాళ ఏ వారం?
సూరాడ తాతయ్యలు గారు కిటికీలోంచి చూస్తారు,
వారం అక్కడెక్కడో ఆరేసి ఉన్నట్టు.
రెండో ప్రశ్న: మనం ఎక్కడున్నాం?
"నువ్వే సెప్పు గుంటా. నీకు తెల్దేటి?"
సున్నా వేశాను. కింద ఇంకో సున్నా.

తర్వాతి వారం బొమ్మల అట్టలు తేలేదు.
రేవులో అడిగి తెచ్చిన
తెగిన వల ముక్క ఒళ్లో పెట్టాను.
ఉప్పు, నాచు, పాత నెత్తళ్ల వాసన.
పక్కనున్న పోతురాజమ్మ ముక్కు మూసుకుంది.
కాదు, మూసుకున్నది నేను.
ఆవిడ నవ్వింది.

ముందు ఆయన వేళ్లు లేచాయి.
కాసేపటికి ఆయన.
"ఎవుడు కట్టేడిది, ఇంత సెండాలంగా?"
ముడి విప్పి, మళ్లీ వేస్తూ,
నాయనతో ఎక్కిన మొదటి తెప్ప,
వాంతులు, చద్దన్నం, చెంపదెబ్బ.

చేపలున్న చోటు నీళ్లలో ఎలా తెలిసేది తాతా?

"ఎనక్కి సూడాల.
కైలాసగిరి పక్కనించి
సింవాచలం కొండ నెత్తి తొంగి సూడాల.
ఇటేపు యారాడ కొండ ముక్కు మీద
దీపం కానరావాల.
రెండూ కుదిరిన కాడ రాయి దింపు.
పారలే పారలు."

"పారలు కాదు, కోనాలు!
తట్ట మోసింది నాను," అంది పోతురాజమ్మ.
ఆ గొడవలోకి నలుగురు దిగారు.
మూడు వారాలుగా పెదవి విప్పని
పోర్టు గుమాస్తా జోగారావు గారు
యుద్ధం నాడు కిటికీలకి నల్లకాగితం అంటించిన
మైదా జిగురు వాసన చెప్పారు.
అంతే చెప్పారు. అది చాలా ఎక్కువ.

అన్న పేరు దగ్గర
తాతయ్యలు గారి చేతులు ఆగిపోయాయి.
ఆ పడవ తిరిగి రాలేదట.
తప్పు చేశానేమో, తెలీలేదు నాకు.
పోతురాజమ్మ వల రెండో కొస పట్టుకుంది.
కాస్త లాగింది.
ఆయన ఇటు లాగారు.

జబ్బు తగ్గలేదు. తగ్గదు.
ఆ రాత్రి మాత్రం లేచి తలుపు వెతకలేదని
కోడలు ఫోన్ చేసింది.

మళ్లీ బుధవారం, మళ్లీ అదే ఫారం.
మనం ఎక్కడున్నాం?
ఆయన కుర్చీ తిప్పుకున్నారు.
"ఆ మేడలు కొత్తయి, ఆటిని నమ్మకు.
యారాడ కొండ అదిగో.
నువ్వు ఇటు కూకున్నావు.
ఈ మద్దెన ఉన్నాం."

ఆ గడిలో ఏం వేయాలో తోచలేదు.
చిన్న కొండ గీశాను,
దాని పక్కన ఇంకోటి.